విదేశీ సాంకేతికత, మన వివరాలు: ఒప్పందం చూపించమని అడుగుదాం

(విజయవాడలో జరిగిన సంఘం అధ్యయన తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ పూట అంశం పేరు చూసి వెనక వరుసల్లో కొందరు గొణుక్కున్నారు. గోతాలు అందడం లేదు, తేమ పేరుతో కోత పెడుతున్నారు, మొంథా తుపానుకు పడిపోయిన చేల పరిహారం సంగతి తేలలేదు, ఇవన్నీ వదిలి ఈ సాఫ్ట్‌వేర్ గొడవ మనకెందుకు అన్నారు. న్యాయమైన మాటే. అందుకని కంప్యూటర్ల దగ్గర కాకుండా ధాన్యం దగ్గరే మొదలుపెడదాం.

2024 సార్వా నుంచి మన రాష్ట్రంలో ధాన్యం అమ్ముకోవడానికి వాట్సాప్ దారి ఒకటి పెట్టారు. పౌర సరఫరాల శాఖ ఇచ్చిన నంబరుకు 'హాయ్' అని పెడితే చాలు. అవతలి నుంచి ముందు ఆధార్ నంబరు అడుగుతుంది. పేరు సరిచూసుకుంటుంది. ఏ కేంద్రంలో అమ్ముతారు, ఏ రోజు, ఏ సమయం, ఏ రకం ధాన్యం, ఎన్ని బస్తాలు అని ఒక్కొక్కటే అడుగుతుంది. జవాబులు చెబితే స్లాట్ ఖాయం అవుతుంది. 2025-26లో 75 కిలోల బస్తాకు మద్దతు ధర సాధారణ రకానికి 1,777 రూపాయలు, ఏ గ్రేడుకు 1,792 రూపాయలుగా ఉండేది. ఆ ధర కోసం ఆ దారిన వెళ్లే రైతు ఈ ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చి తీరాలి.

పని తేలికైందని చెప్పే రైతులు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కళ్లంలో ధాన్యం రాశి పోసి, మబ్బు పట్టిన ఆకాశం చూస్తూ, ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గితే దాన్ని కాదనాల్సిన పని మనకు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఈ విజయవాడ సగం నీళ్లలో ఉన్నప్పుడు మేడల మీద చిక్కుకున్న వాళ్లకు డ్రోన్లు అన్నం పొట్లాలు, మందులు చేరవేశాయి. అది కళ్లారా చూసిన ఊరు ఇది. సాంకేతికత వద్దు అని మనం ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు.

అసలు ఈ డెల్టాయే పరాయివాడి సాంకేతికత మీద నిలబడింది. కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855 నాటికి కట్టింది ఇంగ్లీషు ఇంజనీర్లే. అది 1952లో తెగిపోతే, దాని స్థానంలో 1957కు ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కట్టినవాడు ఎవడన్నది మన తాతలకు పెద్ద పట్టింపు కాలేదు. వాళ్లు పట్టించుకున్నది తూము తలుపు ఎవరి చేతిలో ఉందని, నీటి తీరువా ఎంతని. కాలువ మీద లస్కరు ఎవరో ఊరందరికీ తెలుసు. తలుపు దించేస్తే వెళ్లి నిలదీసేవాళ్లం. ఇప్పుడు మన వివరాలు పారుతున్న కాలువకు లస్కరు ఎవరు? ఎవరిని నిలదీయాలి? ఈ ప్రశ్న కోసమే ఈ పూట కూర్చున్నాం.

మన వివరాల్లో అంత ఏముందని మీరు అడగవచ్చు. మన ఎకరాలు, మన పంట ఊళ్లో అందరికీ తెలిసినవే కదా. నిజమే, విడివిడిగా అవి రహస్యాలు కావు. రచ్చబండ మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. కానీ ఈ-పంటలో సర్వే నంబరు, పంట, విస్తీర్ణం ఉంటాయి. ఫోటో, వేలిముద్ర తోడవుతాయి. బ్యాంకు ఖాతా ఉంటుంది. భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న మన జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే మొదలైంది, గట్టు ఎక్కడుందో ఉపగ్రహం లెక్కతో ఎక్కించారు. స్లాట్ బుకింగ్‌లో ఎన్ని బస్తాలు, ఏ రోజున అన్నది వస్తుంది. ఇవన్నీ ఒక్క ఆధార్ నంబరు కింద ఒకచోట చేరితే అది రచ్చబండ కబురు కాదు. దివిసీమ నుంచి గుడివాడ దాకా ఏ గ్రామంలో ఏ వారం ఎంత సరుకు కళ్లాలకు వస్తుందో, ఏ రైతుకు ఎంత అప్పుందో, ఎవడు నాలుగు రోజులు ఆగలేడో ముందే చెప్పగల లెక్క అది.

వరికి కనీసం మద్దతు ధర అనే గోడ ఒకటుంది, అది ఎంత బీటలు వారినా. వరి కోసిన మాగాణిలో చల్లే మినుము సంగతేమిటి? మినుముకు బేరం ఎక్కువగా వ్యాపారితోనే. రైతు చేతిలో డబ్బు లేదని తెలిసిన వ్యాపారి బేరం ఎలా ఆడతాడో మీకు మేం చెప్పాలా? ఇంతవరకు ఆ తెలివి ఊరి కమీషన్ వ్యాపారికి తన చుట్టూ ఉన్న నాలుగైదు ఊళ్ల మేరకే ఉండేది. అదే తెలివి జిల్లాలన్నిటి మీదా ఒకేసారి ఉన్నవాడితో బేరం ఆడాల్సి వస్తే మనం ఎక్కడ నిలబడతాం?

ఇది ఊహ కాదు. అమెరికాలో విత్తనాలు అమ్మే మోన్‌శాంటో 2013లో క్లైమేట్ కార్పొరేషన్ అనే సంస్థను దాదాపు 93 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ సంస్థ దగ్గర విత్తనం లేదు, ఎరువు లేదు. పొలాల, వాతావరణపు లెక్కలున్నాయి. 2018లో మోన్‌శాంటోనే జర్మనీ వాళ్ల బేయర్ కొన్నది. పొలం లెక్కలు కూడా విత్తనంతో పాటే చేతులు మారాయి. మనకంటే వందల రెట్లు పెద్ద కమతాలున్న అమెరికా రైతులే భయపడి, 2014లో తమ సంఘాల తరఫున కంపెనీలతో కూర్చుని, పొలం వివరాలు రైతువే, అనుమతి లేకుండా మూడోవాడికి ఇవ్వకూడదు అని రాయించుకున్నారు. ఆ రాత చట్టం కాదు, దానికి పెద్ద పళ్లు లేవు. అయినా అడిగారు. అదీ సంఘంగా అడిగారు.

ఇక మన రాష్ట్రానికి వద్దాం. 2016 జూన్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో మైక్రోసాఫ్ట్, ఇక్రిశాట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఫోన్ సందేశాలు పంపాయి. ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు ఆగాలో తెలుగులోనే చెప్పాయి. దిగుబడి 30 శాతం పెరిగిందని వాళ్లు చెప్పుకున్నారు. వాన మీద బతికే మెట్ట రైతుకు విత్తే వారం ఎంత ముఖ్యమో మనకు తెలుసు కాబట్టి ఆ ప్రయత్నాన్ని చిన్నచూపు చూడం. ఆ రైతులు ఆ సందేశాలకు రూపాయి కట్టలేదు. ఇక్కడే మనవాళ్లు ఆగి ఆలోచించాలి. 2021 ఏప్రిల్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ ఇదే మైక్రోసాఫ్ట్‌తో ఆరు రాష్ట్రాల్లో 100 గ్రామాలకు ఒప్పందం చేసుకుంది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదీ ఉచితమే అన్నారు. అప్పటికి దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమే లేదు. ఆ తర్వాతి నెలలో 55 సంఘాలు కలిసి ఉత్తరం రాశాయి, రైతులను అడగకుండా రైతుల వివరాల మీద ఒప్పందాలేమిటని. కంపెనీ ఉచితంగా ఎందుకు చేస్తుందో కంపెనీకి తెలుసు. సంతలో ఎవడైనా గేదెను ఊరికే ఇస్తానంటే మనం ముందు దాని పళ్లు చూస్తాం. ప్రభుత్వాలు మాత్రం ఉచితం అనగానే సంతకం పెడతాయి. టెండరు ఉండదు, ధర ఉండదు కాబట్టి ధర గురించి చర్చ కూడా ఉండదు.

వాట్సాప్ విషయం చూడండి. 2024 అక్టోబరు 22న రాష్ట్ర ప్రభుత్వం మెటా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న ఐటీ మంత్రి నారా లోకేశ్ 'మన మిత్ర' ప్రారంభించారు. 161 సేవలతో మొదలై ఇప్పుడు వందల్లోకి వెళ్లింది. ధ్రువపత్రాలు, కరెంటు బిల్లు, గుడి దర్శనం టికెట్టు, అన్నీ అందులోనే. మంచిది. కానీ ఆ అక్టోబరు 22కూ, అదే ఏడాది నవంబరు 18కీ మధ్య నెల రోజులు కూడా లేవు. ఆ నవంబరు 18న కాంపిటిషన్ కమిషన్ ఇదే మెటా కంపెనీకి 213 కోట్ల 14 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఎందుకు? 2021లో వాట్సాప్ తన నిబంధనలు మార్చి, ఒప్పుకుంటేనే వాడుకోండి, లేకపోతే మానేయండి అన్నందుకు. వాట్సాప్ వాడేవాళ్ల సమాచారాన్ని అయిదేళ్లపాటు ప్రకటనల కోసం పంచుకోవద్దని కూడా కమిషన్ అన్నది. కంపెనీ అప్పీలుకు వెళితే 2025 నవంబరులో ట్రిబ్యునల్ ఆ అయిదేళ్ల నిషేధాన్ని కొట్టేసి, జరిమానాను మాత్రం ఉంచింది. మన రాష్ట్రం సంతకం చేసిన కంపెనీ మీద దేశపు కమిషన్ చెప్పిన మాట ఇది. సంతకానికి ముందు ఈ విచారణ నడుస్తున్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు.

వాట్సాప్‌లో మనం మాట్లాడుకునేది మధ్యలో ఎవరూ చదవలేరని ఫోన్‌లోనే రాసి ఉంటుంది. అది మీరూ మీ మేనమామా మాట్లాడుకున్నప్పటి మాట. ఒక కంపెనీతోనో ఆఫీసుతోనో మాట్లాడేటప్పుడు ఆ సందేశాలను నడిపే పని ఆ ఆఫీసు మరో సంస్థకు అప్పగించవచ్చని, మెటాకే కూడా అప్పగించవచ్చని వాట్సాప్ తానే చెబుతోంది. మన ప్రభుత్వం ఎవరికి అప్పగించింది? మనం పెట్టిన ఆధార్ నంబరు, బస్తాల లెక్క ఎవరి సర్వరులో, ఎన్నాళ్లు ఉంటాయి? మన గ్రామాల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ రైతు సేవా కేంద్రం గోడ మీదా రాసి ఉండగా మేం చూడలేదు. గోడ మీద మంత్రుల ఫోటోలకు చోటుంది కదా, దీనికీ రెండడుగుల చోటు దొరకదా?

సర్వర్లు ఇక్కడే ఉంటే భయం లేదని కొందరు చదువుకున్న కుర్రాళ్లు అంటున్నారు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రం పెడతామని ఒప్పందం చేసుకుంది కదా, ఇక అంతా మన నేల మీదే కదా అని. నేల మనదే. కానీ అమెరికా 2018లో క్లౌడ్ యాక్ట్ అని ఒక చట్టం చేసుకుంది. అమెరికా కంపెనీ చేతిలో ఉన్న సమాచారం ప్రపంచంలో ఎక్కడున్నా, అక్కడి కోర్టు ఉత్తర్వు వస్తే ఇవ్వాల్సిందే అంటుంది ఆ చట్టం. పొలం మన ఊళ్లో ఉన్నా పట్టా పక్క ఊరివాడి పేరున ఉన్నట్టన్నమాట.

వివరాలు బయటికి పోవడం ఒక ప్రమాదమైతే, తలుపు మూసేయడం ఇంకొకటి. హైవేల పక్కన నయారా పెట్రోలు బంకులు మీకు తెలుసు. 2025 జూలైలో యూరప్ దేశాలు రష్యా మీద ఆంక్షలు పెంచి, రష్యా వాటా ఉందని గుజరాత్‌లోని నయారా రిఫైనరీని కూడా ఆ జాబితాలో చేర్చాయి. భారత చట్టం ప్రకారం ఆ కంపెనీ చేసిన నేరమేమీ లేదు. అయినా మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీ వాడుతున్న సేవలు ఆపేసింది. డబ్బు కట్టినా సరే, వాళ్ల ఉత్తరాలు వాళ్లకే తెరుచుకోలేదు. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాకే సేవలు తిరిగి వచ్చాయి. అంత పెద్ద రిఫైనరీకి లాయర్లున్నారు, వారంలో బయటపడింది. నవంబరు నెలాఖరులో కోతలన్నీ ఒక్కసారి వచ్చిన వారంలో ధాన్యం కొనుగోలు సర్వరు ఆగిపోతే? వారం అంటే మనకు తెలుసు. మబ్బు పడితే మొలకెత్తడానికి వారం అక్కర్లేదు.

అంతా విదేశీ కంపెనీల తప్పే అంటే అది సులువైన మాట, సగం మాట కూడా. మన ఇల్లు మనం ఎంత భద్రంగా ఉంచుకున్నామో చూడాలి. 2017 మేలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బహిరంగంగా పడి ఉన్నాయని లెక్క తేల్చారు. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఒకటి చంద్రన్న బీమాది. 2018 ఏప్రిల్‌లో మన గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1 లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్‌తో పాటు కులం, మతం కూడా ఎవరైనా చూసేలా బయటపడ్డాయి. అదే ఏడాది జూన్‌లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో పట్టుబడిన కేసు అయితే రైతులంతా గుర్తుపెట్టుకోవాలి. సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేయించి, వాటితో వేల సిమ్‌లు తీశాడు. భూమి అమ్మినవాడి, కొన్నవాడి వేలిముద్రలవి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. బొటనవేలు మార్చుకోలేం.

ఇంటి తలుపే ఇంత వదులుగా ఉన్నప్పుడు, దానికి బయటి కంపెనీ కాలువ కలిపితే నష్టం ఎవరిది? చట్టం ఏమంటుందో చూద్దాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ తీర్పు వచ్చాక ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నియమాలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. ముఖ్యమైన బాధ్యతలు అమలవడానికి ఇంకో 18 నెలల గడువిచ్చారు. సరే, వచ్చింది కదా అనుకుంటే, అందులో 7వ సెక్షన్ ఉంది. సబ్సిడీ, లబ్ధి, సేవ, ధ్రువపత్రం ఇవ్వడానికైతే ప్రభుత్వం తన దగ్గర ముందే ఉన్న మన వివరాలను మళ్లీ మన అనుమతి అడగకుండానే వాడుకోవచ్చు. రైతుకు ప్రభుత్వంతో ఉండే పనులన్నీ ఈ నాలుగు మాటల్లోనే వస్తాయి! 17వ సెక్షన్ కింద కేంద్రం తను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచే మినహాయించవచ్చు. వివరాలు లీకయితే 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు. ఆ సొమ్ము దేశపు ఖజానాకు పోతుంది. వివరాలు పోగొట్టుకున్న రైతుకు పరిహారం ఈ చట్టంలో లేదు. పాత ఐటీ చట్టంలో పరిహారం అడగడానికి 43ఏ అని ఒక సెక్షన్ ఉండేది, దాన్ని కూడా ఈ చట్టం తీసేస్తోంది. వరదలో పంట పోతే ఎన్యుమరేషన్‌కైనా వస్తారు. వివరాలు పోతే వచ్చేవాడు లేడు.

కౌలు రైతు మిత్రులకు ఒక మాట. మన డెల్టాలో నాగలి పట్టేవాడికీ పాస్‌బుక్ ఉన్నవాడికీ సంబంధం తెగి చాలా కాలమైంది. 2025లో రైతు విశిష్ట సంఖ్య నమోదు మొదలుపెట్టినప్పుడు ఎవరితో మొదలుపెట్టారు? పాస్‌బుక్ ఉన్నవాళ్లతో. కంప్యూటరు ఒకసారి రైతు అంటే పట్టాదారు అని నేర్చుకుంటే, దాని మీద కట్టే ప్రతి కొత్త యాప్ అదే నమ్ముతుంది. సీసీఆర్సీ కార్డు మీద సంతకానికే భూయజమాని వెనకాడే ఊళ్లలో, ఓటీపీ అతని ఫోన్‌కు వెళ్లే ఏర్పాటు పెడితే ఆ ఓటీపీ కోసం కౌలుదారు ఇంకోసారి చేతులు కట్టుకుని నిలబడాలి. కాబట్టి కౌలుదారుకు భయం వివరాలు ఎక్కువ పోతాయని మాత్రమే కాదు. అసలు తన పేరే ఆ లెక్కలోకి రాదేమోనని. ఈ రెండు భయాల మందూ ఒకటే. లెక్క ఎలా రాస్తున్నారో, ఎవరితో రాయిస్తున్నారో మన ముందు పెట్టాలి.

ఇది సాధ్యమేనా? పెద్ద కంపెనీ ముందు రాష్ట్ర ప్రభుత్వం ఏం చేయగలదు అని నిట్టూర్చేవాళ్లకు ఇదే రాష్ట్రంలో జరిగిన సంగతి గుర్తుచేస్తాం. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ 1,850 రూపాయలకు అమ్మిన రోజులున్నాయి. అందులో 1,250 రూపాయలు టెక్నాలజీ రుసుము పేరుతో పోయేది. పత్తి రైతులు గగ్గోలు పెట్టారు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోన్‌శాంటో భాగస్వామ్య కంపెనీ మీద గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది. ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా ఆ తగ్గింపు ఆగలేదు. మిగతా రాష్ట్రాలు మన దారి పట్టాయి. విదేశీ టెక్నాలజీని ఆపమని ఎవరూ అడగలేదప్పుడు. షరతులు మా ముందు మాట్లాడమన్నారు.

అప్పుడు ధర ప్యాకెట్ మీద ముద్రించి ఉంది కాబట్టి కోపం వచ్చింది. ఇప్పుడు ధర కనిపించదు. అది కనిపించేలా చేయడమే మన పని.

అందుకే జిల్లా కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు వేస్తాం. మెటాతో చేసుకున్న ఒప్పందం ప్రతి ఇమ్మని. ధాన్యం కొనుగోలు, ఈ-పంట, రైతు నమోదు వివరాలు ఏ సంస్థల సర్వర్లలో ఉన్నాయో, మధ్యలో పని చేసే కాంట్రాక్టరు ఎవరో, టెండరు పిలిచారా లేదా చెప్పమని. ఒప్పందం ముగిసిన రోజున మన వివరాలు చెరిపేస్తారా, వాటిని ప్రకటనలకో అప్పుల మదింపుకో కృత్రిమ మేధకు శిక్షణకో వాడరాదన్న షరతు ఉందా అని. వ్యాపార రహస్యం కాబట్టి ఇవ్వమని 8వ సెక్షన్ చూపించి జవాబు రావచ్చు. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వాల్సిందేనని అదే సెక్షన్‌లో ఉంది, అప్పీలులో అది రాయండి. దీనితో పాటు ప్రతి రైతు సేవా కేంద్రంలో కాగితం మీద దరఖాస్తు తీసుకునే ఏర్పాటు తప్పకుండా ఉండాలని, ఫోన్ లేదని, ఓటీపీ రాలేదని ఒక్క బస్తా కూడా తిప్పి పంపకూడదని కలెక్టర్లకు వినతిపత్రం ఇస్తాం.

ఈలోగా మన చేతిలో ఉన్నది మనం చేసుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, అడిగింది తెలిసిన కుర్రాడైనా సరే. స్లాట్ బుక్ చేసిపెట్టమని ఫోన్, ఆధార్ కార్డు కమీషన్ ఏజెంటు చేతిలో పెట్టి రావద్దు. ఆధార్ వెబ్‌సైటులో వేలిముద్రకు తాళం వేసుకునే సౌకర్యం ఉంది, పని ఉన్నప్పుడు తీసుకోవచ్చు. ఎలాగో మన యువజన కార్యకర్తలు ఈ మధ్యాహ్నం చూపిస్తారు.

దరఖాస్తు నమూనా తెలుగులోనే తయారుచేశాం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మండలానికి ఒకరు చొప్పున పేర్లు భోజనాలకు లేవకముందే ఇవ్వండి. కౌలు రైతుల నుంచి కనీసం సగం పేర్లు రావాలి.